పెరటి కబుర్లు: కుంట అంచున ఏం నాటాలి?

పోయిన సంచికలో పెరటి కుంటల గురించి రెండు ముక్కలు రాశాను. ఈ నెల ఉత్తరాలన్నీ నీళ్ళ చుట్టూనే తిరిగాయి. ఒకేలాంటివి కలిపేశాను. కొందరికి పొడుగ్గా, కొందరికి పొట్టిగా జవాబులు రాశాను, ఏమీ అనుకోవద్దు.

*ప్రశ్న: మేడమ్, మా పెరట్లో ఎనిమిది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల లోతుతో సిమెంటు కుంట కట్టించాం. లోపల నీలం టైల్స్ వేయించాం. మధ్యలో తామర ఉంది, ఆరు గోల్డ్‌ఫిష్‌లు ఉన్నాయి, గట్టు మీద కుండీల్లో మెట్టతామరలు పెట్టాం. ఏడాది దాటింది. చూడ్డానికి బాగానే ఉంది కానీ కప్ప అరుపు లేదు, తూనీగ వాలదు, పిట్ట రాదు. ఏ మొక్కలు పెడితే వస్తాయి? — ఒక పాఠకురాలు, తణుకు*

అమ్మా, కోప్పడకండి, మీరు కట్టించింది పెద్ద తొట్టి. దానికి లోతుంది, ఒడ్డు లేదు. కప్ప ఆ టైళ్ళ మీద జారిపోతుంది. పొరపాటున లోపల పడితే బయటికి రాలేదు. పిట్ట స్నానానికి దాని కాళ్ళు మునిగేంత నీళ్ళు చాలు, మూడడుగుల లోతు చూస్తే భయపడి పోతుంది. ఇక తూనీగలు. వాటిలో సూదిలా సన్నగా ఉండి, వాలినప్పుడు రెక్కలు వెనక్కి మడుచుకునేవి ఉంటాయే, అవి నీళ్ళలో ఉన్న మెత్తటి కాడకు చిల్లు పెట్టి అందులో గుడ్లు దోపుతాయి. కాడ లేకపోతే ఆ తల్లికి చోటు లేదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల నీళ్ళలోనే దోమపిల్లల్ని, చిన్న పురుగుల్ని తిని పెరుగుతుంది. రెక్కలొచ్చే వేళకు ఏదో ఒక కాడ పట్టుకుని పైకి పాకి, పాత చర్మం అక్కడే వదిలేసి ఎగిరిపోతుంది. పొద్దున్నే చూస్తే కాడకు గోధుమరంగు ఖాళీ డొల్ల అంటుకుని ఉంటుంది. మీ మెట్టతామరలు కుండీల్లో గట్టు మీద ఉన్నాయి కాబట్టి వాటి కాడ నీళ్ళను తాకదు. పైగా అవి అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. తేనెపిట్ట వచ్చి పువ్వులో ముక్కు పెట్టిపోతుంది, అంతవరకే.

అలాగని పగలగొట్టక్కర్లేదు. ఎండ బాగా తగిలే ఒక వైపు ఎంచుకుని, పాత ఇటుకలు పేర్చి లోపల రెండు అంచెలు కట్టించండి. పై అంచె నీటిమట్టానికి అంగుళం కింద ఉండాలి, రెండోది ఆరంగుళాల కింద. వాటి మీద గోనెసంచుల్లో మట్టి నింపి పరవండి. పై సంచులు టైల్స్ అంచు దాటి పెరటి నేలలో కలిసేలా ఏటవాలుగా ఉండాలి. కప్పకు అదే మెట్లదారి. మట్టి అంటే పొలం మట్టి గానీ కాలవ ఒండ్రు గానీ. పేడ, వర్మీకంపోస్టు కలపకండి. కుంటలో ఎరువు వేస్తే ముందు బలిసేది నాచే.

ఇక మొక్కలు. ఆరంగుళాల అంచె మీద వస పెట్టండి. పసిపిల్లల నాలిక్కి అరగదీసి రాస్తారే, ఆ వసకొమ్ము మొక్కే. పచారీ కొట్లో దొరికే ఎండుకొమ్ము మొలవదు, పచ్చి దుంప కావాలి. నిటారుగా నిలబడే సన్నటి ఆకులు, నలిపితే ఘాటైన వాసన. రెక్కలొచ్చే తూనీగకు ఎక్కడానికి ఇంతకన్నా మంచి నిచ్చెన లేదు. దాని పక్కన చామ. అవును, వేపుడు చేసుకునే చామదుంపే! బజారు నుంచి తెచ్చినవాటిలో మొలకొచ్చిన దుంపను పక్కన పెట్టి తడిమట్టిలో గుచ్చండి. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ వెడల్పాకుల నీడలో కప్పలు చేరతాయి. ఆకులు కొరికేస్తూ తోక దగ్గర ముల్లులాంటిది ఉన్న లావుపాటి పురుగు కనిపిస్తే చంపకండి. చీకటిపడే వేళ రాధామనోహరం పూల ముందు గాల్లో నిలబడి తేనె తాగే రెక్కలపురుగులు ఉంటాయి చూడండి, ఆ జాతి పిల్లే ఇది. నాలుగాకులు పోతే పోనివ్వండి, చామ మళ్ళీ వేస్తుంది.

అంగుళం నీళ్ళలో పొన్నగంటి. కూరల బజార్లో ఒక కట్ట కొని, ఆకులు పప్పులో వేసుకుని, కాడలు మట్టిలో గుచ్చండి. వారంలో వేళ్ళొస్తాయి. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. పొన్నగంటి పోలికతో పరదేశీ మొక్క ఒకటి మన కాలవల్లో తిరుగుతోంది. దక్షిణ అమెరికాది, అలిగేటర్ వీడ్ అంటారు. పొన్నగంటి పూలు తొడిమ లేకుండా కణుపుకే అంటుకుని ఉంటాయి. దీనికి మాత్రం పొడవాటి తొడిమ మీద తెల్లటి పూబంతి నిలబడుతుంది, కాడ విరిస్తే లోపల బోలుగా ఉంటుంది. అది ఇంటికి తేవద్దు. తెస్తే మీ మనవలు కూడా పీకుతూనే ఉంటారు.

నీరుగొబ్బి విషయంలో నాకు పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తున్నా. పొలం గట్ల పక్కన, ఎండిపోతున్న కుంటల్లో ముళ్ళతో నిలబడి, కణుపు కణుపుకీ ఊదాపూలు పూసే మొక్క అది. ఆ ముళ్ళకు రైతులు తిట్టుకుంటారు, నర్సరీలో ఎవరూ అమ్మరు. కానీ దాని పూలకు నల్ల తుమ్మెదలు వరస కడతాయి. నారింజరంగు రెక్కల మీద నెమలికన్ను లాంటి చుక్కలున్న సీతాకోకచిలుక ఉంది, ఇంగ్లీషులో పీకాక్ పాన్సీ అంటారు. అది గుడ్లు పెట్టడానికి వెతుక్కునే మొక్కల్లో నీరుగొబ్బి ముఖ్యమైనది. పూలు పెంచితే సీతాకోకలు అతిథులుగా వచ్చి పోతాయి. ఈ ముళ్ళమొక్క ఒక్కటి పెంచితే మీ పెరట్లోనే పుడతాయి. పిల్లలు తిరగని వెనక మూలలో నాటుకోండి.

నీళ్ళు దాటాక తడిమట్టిలో బొక్కెనాకు, గుంటగలగర, సరస్వతి ఆకు వేయండి. బొక్కెన నేలనంటి పాకి మీ సంచుల్నీ ఇటుకల్నీ కప్పేస్తుంది. దాని బుల్లిపూల మీద చిన్న చిన్న నీలి సీతాకోకలు రోజంతా ఉంటాయి. గుంటగలగర మీకు తలనూనెకూ పనికొస్తుంది, నేను చెప్పక్కర్లేదు.

ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయంటారా? మీకు కడియం దగ్గరే, తామరలు కలువలు ఎన్ని రకాలు కావాలంటే అన్ని తెచ్చుకోవచ్చు. గుంటగలగర అడిగితే మాత్రం నవ్వుతారు. దానికి మీ ఇంట్లో పాలుపోసే ఆవిడనో పొలం పనులకు వెళ్ళేవాళ్ళనో అడగండి, రేపు పొద్దున్నకు బుట్టెడు తెచ్చి పడేస్తారు. కొల్లేరు లాంటి అభయారణ్యాల్లోంచి పీక్కురావడం మాత్రం నేరం, సరదాకి కూడా వద్దు.

గోల్డ్‌ఫిష్‌లను ఎవరికైనా ఇచ్చేయండి. అవి కప్పగుడ్లు, తోకకప్పలు, తూనీగపిల్లలు అన్నీ తినేస్తాయి, కొత్తగా నాటిన మొక్కల్ని పెళ్ళగిస్తాయి.

ఇంకొక్క మాట, ఇదే అన్నిటికన్నా ముఖ్యం. ఎండాకాలం వచ్చిందంటే రోజూ పైపు పెట్టి అంచుదాకా నింపకండి. మన చెరువుల్లో నీళ్ళు శ్రావణంలో ఒకచోట ఉంటాయి, వైశాఖంలో ఇంకోచోట ఉంటాయి. ఒడ్డు కదులుతూ ఉంటుంది. మన ఒడ్డు మొక్కలు ఆ కదలికకు పుట్టినవే. వస, తుంగ నేలలోపల దుంపగా దాక్కుంటాయి. నీరుగొబ్బి గింజలు రాలుస్తుంది. నాలుగాకుల మార్సిలియా అనే నీటి ఫెర్న్ ఉంది, దాని గట్టి కాయలు ఎండిన మట్టిలో ఏళ్ళ తరబడి ఉండి తడి తగలగానే మొలుస్తాయి. ఇంగ్లీషు తోటల పుస్తకాల్లో నీటిమట్టం తగ్గకూడదని రాస్తారు, వాళ్ళ వాతావరణం వాళ్ళది. మీ కుంటలో మే నెలలో అడుగు, అడుగున్నర నీళ్ళు తగ్గనివ్వండి. పై అంచె ఎండిపోయి బీటలిస్తే కంగారు పడొద్దు. తామర దుంప మునిగి ఉంటే చాలు.

*ప్రశ్న: హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తు. బాల్కనీలో రెండడుగుల వెడల్పు టబ్బు పెట్టి నీటిమొక్కలు పెంచాలని ఉంది. అసోసియేషన్ సెక్రటరీ గారు డెంగీ వస్తుందని అడ్డుపడుతున్నారు. ఆయన టెన్షన్ నిజమేనా? టబ్బుకు తూనీగలొస్తాయా? — ఒక పాఠకుడు, మియాపూర్*

బాబూ, ఆయన టెన్షన్‌లో న్యాయం ఉంది. డెంగీ దోమ మురికికాలవలో కాదు, మీ టబ్బు లాంటి శుభ్రమైన చిన్న నీళ్ళలోనే పెరుగుతుంది. అంతేకాదు, అది గుడ్లను నీళ్ళలో వదలదు, నీటిమట్టానికి కాస్త పైన గోడకు అంటిస్తుంది. ఆ గుడ్లు నెలల తరబడి ఎండినా చావవు. మీరు మళ్ళీ నీళ్ళు నింపగానే పొదుగుతాయి. వారం పది రోజుల్లో దోమ తయారు. అందుకని తణుకు అమ్మకు చెప్పిన నీళ్ళు తగ్గించే పద్ధతి మీకు పనికిరాదు. మీరు టబ్బును ఎప్పుడూ ఒకే మట్టంలో ఉంచండి, వారానికోసారి లోపలి గోడను పీచుతో రుద్దండి, చేపలు తప్పనిసరిగా వేయండి.

ఏ చేపలంటే, మునిసిపాలిటీలు పంచే గంబూజియాను నేను సిఫార్సు చేయను. అమెరికా నుంచి వచ్చిన చేప అది, మన దేశానికి 1928లో తెచ్చారు. దోమపిల్లల్ని తింటుంది నిజమే, కానీ కప్పపిల్లల్నీ మిగతా పురుగుల్నీ కూడా వదలదు. ఎప్పుడో టబ్బు కడిగినప్పుడు డ్రైనేజీలోంచి చెరువుకు చేరితే అక్కడి చిన్న చేపలకు చేటు. మన కాలవల్లో, వరిమళ్ళలో తల మీద వెండిచుక్కతో నీటిపైనే తిరిగే వేలెడు చేప ఉంటుంది, అక్వేరియం వాళ్ళు పంచాక్స్ అంటారు. దానికి దోమపిల్లలంటే ప్రాణం. రెండో మూడో చాలు. గెంతుతుంది కాబట్టి నీటిమట్టాన్ని అంచుకు నాలుగంగుళాలు కిందే ఉంచండి.

మొక్కల విషయానికొస్తే రెండడుగుల టబ్బులో మూడు రకాలు దాటొద్దు. ఒక పక్క ఇటుకల మీద చిన్న కుండీలో వస, అంచు మీంచి వేలాడేలా నీరుబ్రాహ్మి, నీళ్ళలోకి పాకేలా మార్సిలియా. నీరుబ్రాహ్మి తెల్లటి చిన్నపూలకు పుట్టతేనె ఈగలూ, మన కంటికి దోమల్లా కనిపించే బుల్లి తేనెటీగలూ వస్తాయి. మున్సిపల్ నీళ్ళైతే బకెట్లో రెండ్రోజులు ఎండలో ఉంచి పోయండి, క్లోరిన్ పోతుంది.

తూనీగలు నాలుగో అంతస్తుకు వస్తాయా అని సందేహపడకండి. వర్షాకాలం చివర్లో మైదానాల మీద గుంపులుగా తిరిగే పసుపు తూనీగ హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికాకు పోతుందని మాల్దీవుల్లో ఉండే ఛార్లెస్ ఆండర్సన్ అనే శాస్త్రవేత్త 2009లో రాశారు. సముద్రం దాటేదానికి మీ లిఫ్టుతో పని లేదు. కానీ చేపలున్న టబ్బులో తూనీగ పిల్లలు బతకడం కష్టం. చేపలా తూనీగలా అంటే, మీది అపార్ట్‌మెంట్ కాబట్టి చేపలకే ఓటు. ఎగిరేవి చూడాలంటే ఆదివారం పొద్దున్నే అమీన్‌పూర్ చెరువుకు వెళ్ళండి, మియాపూర్ నుంచి ఎంతో దూరం లేదు. దాన్ని 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించారు. నగరంలోని చెరువుకు ఆ గుర్తింపు దేశంలో అదే మొదటిసారి. నీళ్ళ మధ్యలో బాతుల్ని అందరూ చూస్తారు. మీరు ఒడ్డున తుంగ పొదల్ని చూడండి.

*ప్రశ్న: మా పొలంలో ఫామ్ పాండ్ తవ్వించి 500 మైక్రాన్ల ప్లాస్టిక్ షీటు వేయించాం. గట్ల మీద జమ్ము, రెల్లు వేస్తే పిట్టలు వస్తాయని ఒకాయన అన్నారు. వేయమంటారా? — ఒక రైతు, సిద్దిపేట జిల్లా*

వద్దు. పిట్టలు వచ్చే మాట నిజమే. నేను పెరిగింది కొల్లేటి పక్క ఊళ్ళో. జమ్ము, కిక్కిస దుబ్బుల్లో జంబుకోళ్ళు పిల్లల్ని వేసుకుని తిరగడం, రెల్లు ఆకుల్ని చీల్చుకుపోయి గిజిగాళ్ళు గూళ్ళు అల్లడం చూస్తూనే పెరిగాను. అయితే అది సరస్సు. జమ్ము దుంప నేల కింద పాకి మొన తేలుతుంది, కిక్కిస మొన ఇంకా గట్టిది. మీ షీటుకు చిల్లు పెట్టాయంటే వేసవికి దాచుకున్న నీళ్ళన్నీ భూమిలోకి పోతాయి.

మీ ఫామ్ పాండ్‌లోకి వాననీళ్ళు వచ్చే చోట మట్టి ఆగడానికి చిన్న గుంట తవ్వి ఉంటారు కదా, షీటు లేనిది. మీ ఒడ్డు అదే. వానాకాలమంతా అందులో జానెడు నీళ్ళుంటాయి, తర్వాత తడి ఉంటుంది. దాన్ని ఇంకో రెండు మూడు గజాలు వెడల్పు చేసి, లోతు పెంచకుండా పళ్ళెంలా తవ్వి వదిలేయండి. తుంగ దానంతటదే వస్తుంది. నీరుగొబ్బి, పొన్నగంటి, పసుపుపూల నీరు లవంగం మీ పొలంలోనే కలుపుగా ఉండి ఉంటాయి. అవి పీకి పారేసే బదులు ఇక్కడ గుచ్చండి. చుట్టూ గునుగు గింజలు చల్లండి. బతుకమ్మకు పూలు ఇంటివాళ్ళకు, మిగిలిన కంకుల్లో గింజలు జీనువాయి పిట్టలకు. జమ్ము అంటే మరీ ఇష్టమైతే పెద్ద సిమెంటు గోలెంలో నాటి గుంటలో దించండి, గోలెం దాటనివ్వకండి.

గట్టుకు బయటి వైపు వట్టివేరు వరసలుగా వేయండి. వేరు అడ్డంగా పాకదు, నిట్టనిలువుగా దిగుతుంది, గట్టు కోసుకుపోదు. లోపలి వైపు ఏమీ వద్దు.

మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. ప్లాస్టిక్ షీటు తడిస్తే నూనె రాసినట్టుంటుంది. కుందేలు పడినా కుక్కపిల్ల పడినా పైకి రాలేదు, మనిషి పిల్లలూ రాలేరు. చుట్టూ కంచె వేయండి. నాలుగు మూలలా లావు కొబ్బరితాళ్ళు మూరకో ముడి వేసి గట్టు మీద గుంజకు కట్టి నీళ్ళలోకి వదలండి. ఈ పని మొక్కల కన్నా ముందు చేయండి.

*ప్రశ్న: కుంట పెడితే పాములొస్తాయని మా అత్తయ్య గారు ఒప్పుకోవట్లేదు. ఆమెను ఎలా ఒప్పించాలి? — ఒక పాఠకురాలు, మిర్యాలగూడ*

రావని చెప్పి ఒప్పించకండి, వస్తాయి. కప్పలున్న చోటికి నీరుకట్టె వస్తుంది. ఒంటి మీద గళ్ళు గళ్ళుగా ఉంటుంది, విషం లేదు. పట్టుకోబోతే మాత్రం గట్టిగానే కరుస్తుంది. నాగుపాము కూడా ఎప్పుడైనా రావచ్చు, కానీ అది మీ కుంట కన్నా ముందు ఎలుకలున్న వడ్ల గాదె, కట్టెల మోపు చూసుకుంటుంది. ఆ రెండూ గోడకు దూరంగా సర్దితే అత్తయ్య గారికి సగం భయం తగ్గుతుంది.

కుంటను వంటింటి గుమ్మానికీ బావికీ దూరంగా పెట్టండి. ఇంటి వైపు ఒడ్డున బొక్కెన, సరస్వతి ఆకు లాంటి పొట్టివే వేయండి, చామ, వస, తుంగ అవతలి ఒడ్డున. మొగలి పొద మాత్రం ఇంటి పెరట్లో వద్దు, వాసన ఎంత బాగున్నా. రాత్రి అటు వెళ్తే టార్చి ఉండాలి. ఎవరినైనా ఏ పాము కరిచినా, విషం లేనిదేమో అని ఆలోచిస్తూ కూర్చోకుండా నేరుగా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళండి. ఇంత చెప్పినా ఆవిడ ఒద్దంటే ఒద్దనే ఉండనివ్వండి. ఇల్లు ఆవిడది కూడా.

*ప్రశ్న: గుర్రపుడెక్క పూలు ఊదారంగులో చాలా అందంగా ఉంటాయి. మా కుంటలో రెండు మొక్కలు వేసుకోవచ్చా? — కాకినాడ*

వద్దు. అమెజాన్ నదీ ప్రాంతం నుంచి అలంకారానికి తెచ్చుకున్న ఆ పువ్వు ఇప్పుడు మన కాలవల్లో పడవను కదలనివ్వడం లేదు. నీళ్ళ మీద కప్పేస్తే కింద వెలుతురు ఉండదు, చేపకు గాలి ఆడదు. దాని కుటుంబంలోనే మనది ఒకటుంది, మోనోకోరియా. వరిచేలల్లో కలుపుగా వస్తుంది, గుండె ఆకారం ఆకులు, నీలిపూలు. అలంకారం తగ్గకుండా అది వేసుకోండి. వరి రైతు పొలం పక్కనే మీ ఇల్లుంటే గింజలు అటు పోకుండా పూలు వాడగానే తుంచేయండి.

*ప్రశ్న: నేను స్కూల్ టీచర్‌ని. మా ఊరి చెరువులో పూడిక తీశాక ఒడ్డంతా బోడిగా ఉంది. పిల్లలతో మొక్కలు నాటిద్దామనుకుంటున్నాను. కట్ట మీద ఏవి నాటాలి? — జనగామ జిల్లా*

కట్ట జోలికి వెళ్ళకండి మాస్టారూ. కట్ట మీద చెట్టు పెరిగితే వేర్లు కట్టలోకి దిగుతాయి, ఆ చెట్టు ఎండినప్పుడు వేరు కుళ్ళిన దారిలో నీళ్ళు ఊరతాయి. తూము దగ్గర, మత్తడి దగ్గర కూడా వద్దు. మీ పని శిఖం వైపు, అంటే నీళ్ళు పలచగా వచ్చి పోయే వైపు. అక్కడ చూడండి, పశువులు దిగే దారి వదిలేసి మిగతాదాంట్లో ఒక పాతిక గజాలు సర్పంచ్ గారిని అడిగి తీసుకోండి. మేకలు రాకుండా ముళ్ళకంప అడ్డం వేస్తే సగం పని అయినట్టే.

నాటడానికి ముందు పిల్లలతో ఒక పరీక్ష చేయించండి. డార్విన్ ఒక చిన్న కుంట అంచున, నీళ్ళ కింద మూడు చోట్ల నుంచి మూడు పెద్ద చెంచాల బురద తీసుకున్నాడు. దాన్ని ఆరు నెలలు తన గదిలో మూతపెట్టి ఉంచి, మొలిచిన ప్రతి మొక్కనూ లెక్కపెట్టి పీకాడు. మొత్తం 537 మొలిచాయి. ఆరేడు ఔన్సుల మట్టిలో! దగ్గరలో పూడిక తీయని పాత కుంట ఏదైనా ఉంటే దాని అంచు నుంచి బకెట్టు పైమట్టి తెప్పించండి. వెడల్పు పళ్ళేల్లో పరిచి, తడి ఆరకుండా కిటికీ దగ్గర పెట్టించండి. తరగతికో పళ్ళెం. ఏ మొక్కలు వస్తున్నాయో పిల్లలే బొమ్మలేసి రాసుకుంటారు, వాళ్ళ తాతలూ అమ్మమ్మలూ పేర్లు చెబుతారు. మీ చెరువు నుంచి పూడికతో పాటు పొలాలకు పోయింది ఆ గింజల మూటే. గుర్రపుడెక్క, అలిగేటర్ వీడ్ మొలిస్తే అక్కడే తీసి ఎండేయండి. మిగిలిన మట్టిని తొలకరి పడ్డాక శిఖం అంచున చల్లించండి. మొక్కలు కొనడానికి పైసా అక్కర్లేదు.

పైన, నీళ్ళు ఎప్పుడూ చేరని చోట నీడ కావాలంటే కానుగ, ఏటిమద్ది. రెండూ వాగుల పక్కన పెరిగే చెట్లే.

చెరువులో బోదురుకప్పలు ఉంటే మొదటి పెద్దవాన మర్నాడు పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి. మగకప్పలు నిమ్మపండు రంగుకు మారి, గొంతు కింద నీలం బుడగలు ఊది అరుస్తుంటాయి. ఒకప్పుడు వీటి కాళ్ళను విదేశాలకు ఎగుమతి చేసేవాళ్ళు, 1987లో ప్రభుత్వం ఆపింది. పొలంలో పురుగు తినేది తగ్గిపోతోందని అప్పటికి గానీ తెలిసిరాలేదు.

*ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. బ్యాక్‌యార్డ్‌లో చిన్న పాండ్ ఉంది. ఇండియా నుంచి వస, చామ, తూటికూర తెచ్చి ఒడ్డున పెంచితే ఇక్కడి తూనీగలు, సీతాకోకలు వస్తాయా? — ఒక పాఠకురాలు*

తల్లీ, తూటికూర మీద మమకారం నాకూ ఉంది, కానీ అక్కడ వద్దు. మన చెరువుల్లో ఆవులూ పురుగులూ తిని అదుపులో పెట్టే ఆ తీగ అక్కడ నీళ్ళ మీద పాకి అన్నిటినీ కప్పేస్తుంది. అమెరికా ఫెడరల్ ప్రభుత్వం దాన్ని హానికర కలుపుమొక్కల జాబితాలో పెట్టింది. సూట్‌కేసులో దుంపలు, కాడలు పట్టుకెళ్తే ఎయిర్‌పోర్టులోనే ఆపుతారు. చామ కూడా టెక్సాస్ నదుల ఒడ్డున అడవిలా అల్లుకుపోయి వాళ్ళకు తలనొప్పి అయింది. మనకు గుర్రపుడెక్క ఎలాగో వాళ్ళకు మన చామ అలాగ. తినడానికి దుంపలు దుకాణంలో కొనుక్కోండి, పాండ్ ఒడ్డున మాత్రం నాటకండి.

మీ ఒడ్డుకు అక్కడివే ఉన్నాయి. ఆరంగుళాల నీళ్ళలో పికరెల్‌వీడ్ పెట్టండి. పైన కాకినాడ వాళ్ళకు చెప్పిన మోనోకోరియాకు చుట్టం, నిలువు కంకి నిండా నీలిపూలు, తుమ్మెదలకు పండగ. తడిమట్టిలో స్వాంప్ మిల్క్‌వీడ్. మన జిల్లేడు మీద గుడ్లు పెట్టే నారింజ సీతాకోక మీకు గుర్తుండే ఉంటుంది. దాని దగ్గరి బంధువు మోనార్క్, వసంతంలోనూ శరత్తులోనూ మీ టెక్సాస్ మీదుగానే మెక్సికోకు రాకపోకలు చేస్తుంది. అది గుడ్లు పెట్టేది మిల్క్‌వీడ్ మీదే. కొనేటప్పుడు లేబుల్ చదవండి. ఎరుపు, పసుపు కలిసిన పూలతో ట్రాపికల్ మిల్క్‌వీడ్ అని అమ్మేది అక్కడి మొక్క కాదు. లేత గులాబీరంగు పూల స్వాంప్ మిల్క్‌వీడ్ కావాలని అడగండి. నాటిన మొదటి ఏడు పొట్టిగా ఉంటుంది, చలికాలంలో పైకాడ ఎండిపోతుంది. చచ్చిందనుకుని పీకేయకండి, మార్చి తర్వాత దుంప నుంచి మళ్ళీ వస్తుంది.